పసిబిడ్డ ఊపిరి ఆగితే ఛాతీ నొక్కాలా, నోటితో ఊదాలా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది కాకినాడ దగ్గర పల్లె. నా వయసు 58. మా అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరడంతో 7 నెలల మనవరాలినీ, మూడున్నరేళ్ల మనవడినీ పగలంతా నేనే చూసుకుంటున్నాను. ఇంట్లో సంపు ఉంది, పెరట్లో నీళ్ల గాబు ఉంది. ఈమధ్య మా వీధిలో ఏడాదిన్నర పిల్లవాడు స్నానాల గదిలో బకెట్లోకి తలకిందులుగా పడిపోయాడు. బయటికి తీసినవాళ్లు కాళ్లు పట్టుకుని గిరగిరా తిప్పారు, పొట్ట నొక్కారు, తర్వాత ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తారు. బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోనులో వీడియోలు చూస్తే ఒకరు ఛాతీ నొక్కితే చాలు, నోటితో ఊదనక్కర్లేదంటారు. ఇంకొకరు ముందు ఐదుసార్లు ఊదమంటారు. ఒకరు రెండు వేళ్లతో నొక్కమంటే, వేళ్లతో వద్దని మరొకరు చెబుతున్నారు. ఇందులో ఏది నిజం? మోకాళ్ల నొప్పుల మనిషిని, నా వల్ల అవుతుందా? పసిదాని ఎముకలు విరిగిపోతే? అసలు ఎంతసేపు చేయాలి? — ఒక అమ్మమ్మ

సమాధానం: అమ్మా, మీరు చూసిన వీడియోల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. వాటిలో కొన్ని పెద్దవాళ్ల గుండెపోటు గురించి చెప్పినవి, కొన్ని పిల్లల గురించి చెప్పినవి. కొన్ని అమెరికా పద్ధతి ప్రకారం, కొన్ని ఐరోపా పద్ధతి ప్రకారం తీసినవి, మరికొన్ని పాతబడిపోయినవి. ఎవరికోసం చెబుతున్నారో చెప్పకుండా వదిలేయడం వల్లనే మీకు ఈ గందరగోళం. మీరు చూసుకుంటున్నది ఏడు నెలల పాపనూ మూడున్నరేళ్ల బాబునూ కనుక, పెద్దవాళ్ల సంగతి పూర్తిగా పక్కన పెట్టి ఆ ఇద్దరి గురించే చెబుతాను.

అన్నిటికన్నా ముందు మీరు తెలుసుకోవలసింది పెద్దవాళ్ల గుండె ఆగే తీరు వేరు, పిల్లల గుండె ఆగే తీరు వేరు అన్న సంగతి. మధ్యవయసు మనిషి ఛాతీ పట్టుకుని కుప్పకూలినప్పుడు చాలాసార్లు ముందు దెబ్బతినేది గుండె. అంతకు క్షణం ముందు వరకూ అతను మామూలుగానే ఊపిరి తీసుకుంటూ ఉంటాడు కాబట్టి రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ ఉంటుంది, ఛాతీ నొక్కి ఆ రక్తాన్ని మెదడుకు పంపితే తొలి నిమిషాలు గట్టెక్కుతాయి. అందుకే మన దేశంలో మత్తు వైద్యుల సంఘం ఆధ్వర్యంలో రూపొందిన విధానంలో, శిక్షణ లేని సామాన్యుడు ఎదురుగా పడిపోయిన పెద్దమనిషికి ఛాతీ నొక్కితే చాలునని చెప్పారు. అది పెద్దలకు సరైన సలహాయే. పిల్లల్లో మాత్రం ఎక్కువసార్లు వరుస తిరగబడుతుంది. నీళ్లలో మునగడం, గొంతులో ఏదో అడ్డం పడటం, తీవ్రమైన న్యుమోనియా, ఫిట్స్ వంటి కారణాలతో ముందు ఊపిరి తగ్గుతుంది, రక్తంలోని ఆక్సిజన్ అడుగంటుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఆ తర్వాతే అది ఆగుతుంది. అంటే మనం ఛాతీ నొక్కడం మొదలుపెట్టే సమయానికి ఆ బిడ్డ రక్తంలో పంపడానికి ఆక్సిజనే మిగిలి ఉండదు. ఒట్టి నొక్కుడుతో రక్తం తిరుగుతుంది కానీ ప్రాణవాయువు తిరగదు. పసివాళ్లకు నోటితో ఊపిరి ఊదడం తప్పనిసరి అనడానికి కారణం ఇదే.

ఇది ఊహ కాదు. జపాన్ దేశమంతటా 2005 నుంచి 2007 వరకు ఆస్పత్రి బయట గుండె ఆగిన ఐదు వేల మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, గుండెజబ్బు కాక ఇతర కారణాలతో గుండె ఆగిన 1 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో, దగ్గరున్నవాళ్లు ఛాతీ నొక్కుతూ ఊపిరి కూడా ఊదినప్పుడు మెదడు పెద్దగా దెబ్బతినకుండా బతికినవారు 7.2 శాతం అయితే, ఒట్టి ఛాతీ మాత్రమే నొక్కినప్పుడు 1.6 శాతమే. ఈ రెండు అంకెల్లోనూ మీరు చూడవలసింది ఇంకొకటి ఉంది. అన్నీ సరిగా చేసినా గుండె పూర్తిగా ఆగిన పిల్లల్లో ఎక్కువమంది దక్కడం లేదు. మీ వీధి వాళ్లు ఆ రోజు ఇంకోలా చేసి ఉంటే పిల్లవాడు తప్పక బతికేవాడని ఎవరూ చెప్పలేరు. వాళ్ల మీద నింద వేయవద్దనే ఈ మాట చెబుతున్నాను. గుండె ఇంకా కొట్టుకుంటూ ఊపిరి మాత్రమే ఆగిన దశలో చెయ్యి అందిన పిల్లలు మాత్రం చాలా మెరుగ్గా కోలుకుంటారు. అందుకే తొలి రెండు మూడు నిమిషాలకు అంత విలువ.

కాళ్లు పట్టుకుని తిప్పడం, కుండ మీద బోర్లా పడుకోబెట్టి దొర్లించడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన పల్లెల్లో తరతరాలుగా వస్తున్న పనులే. ఇది మన అమాయకత్వం ఒక్కటే అనుకోనక్కర్లేదు. ఐరోపాలోనూ మునిగినవాళ్లను పీపాల మీద వేసి దొర్లించిన రోజులున్నాయి. అక్కడే 1740లో పారిస్ విజ్ఞానశాస్త్ర అకాడమీ మునిగినవారికి నోటితో ఊపిరి ఊదమని సిఫారసు చేసినా ఆ పద్ధతి మరుగున పడిపోయింది. వీపు నొక్కడం, చేతులు పైకెత్తి దించడం వంటివే ఇరవయ్యో శతాబ్దం సగం వరకు రాజ్యం చేశాయి. 1950ల చివర్లో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ అనే వైద్యులు ప్రయోగాలు చేసి నోటితో ఊదే పద్ధతే మేలని నిరూపించారు. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బోకర్ ఛాతీ తెరవకుండా బయటినుంచి నొక్కి రక్తప్రసరణ సాగించవచ్చని చూపించారు. ఇప్పుడు మనం చేసే సీపీఆర్ ఆ రెండింటి కలయికే. పొట్ట నొక్కితే ఊపిరితిత్తుల్లోని నీళ్లు బయటికి రావు. కడుపులోని నీళ్లూ అన్నమూ గొంతులోకి వచ్చి శ్వాసనాళంలోకి జారతాయి. తిప్పడం వల్ల జరిగేది కాలహరణం. ఊపిరితిత్తుల్లో కొంత నీరున్నా మనం ఊదిన గాలి లోపలికి వెళ్తుంది కాబట్టి నీళ్లు దించే ప్రయత్నమే అక్కర్లేదు.

ఇక చేయవలసిన పనికి వద్దాం. బిడ్డను నీళ్లలోంచి తీశాక, లేదా కదలకుండా పడి ఉండటం చూశాక, గట్టిగా పేరు పెట్టి పిలవండి. పసిపాప అయితే అరికాలి మీద చిటికెలు వేయండి, పెద్దబిడ్డ అయితే భుజం తట్టండి. పసిబిడ్డను ఎన్నడూ కుదపకూడదు. ఉలుకూ పలుకూ లేకపోతే కేక వేసి ఎవరినైనా పిలుస్తూనే ఛాతీ వంక చూడండి, ఊపిరి ఆడుతోందా లేదా అన్నది పది సెకన్లలోపే తేల్చుకోవాలి. నీళ్లలోంచి తీసిన చేప నోరు తెరిచినట్టు ఆగి ఆగి ఎగబీల్చడాన్ని ఊపిరి తీసుకోవడంగా లెక్కించకూడదు. ఇక్కడ చాలామంది మోసపోతారు, ‘ఇంకా ఊపిరి ఉంది’ అని చూస్తూ కూర్చుంటారు. నాడి వెతకడం మీ పని కాదు, భయంతో వణికే చేతికి వైద్యులకే నాడి దొరకదు. పిలుపుకు పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే ఇక ఆలోచించకుండా మొదలుపెట్టాలి.

ఇలా అన్నానని ప్రతిదానికీ సీపీఆర్ మొదలుపెట్టమని కాదు. మీ మనవడి వయసు పిల్లల్లో రెండు విషయాలు అచ్చం ప్రాణం పోతున్నట్టే కనిపిస్తాయి. ఒకటి గుక్క పట్టడం. దెబ్బ తగిలో, కోపం వచ్చో ఏడుపు అందుకుని, మధ్యలో ఊపిరి బిగబట్టి, పెదాలు నీలమై వాలిపోతారు. సాధారణంగా నిమిషంలోపే తమంతట తామే ఊపిరి తీసుకుంటారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి చూస్తుంటే చాలు. రెండోది జ్వరంలో వచ్చే ఫిట్స్. ఆ కొట్టుకునేటప్పుడు ముఖం నీలంగా మారినా ఎక్కువ భాగం కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి. ఆ సమయంలో చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం ఎందుకూ పనికిరావు, చెంచా పళ్లను విరగ్గొడుతుంది. బిడ్డను పక్కకు తిప్పి, చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. గుక్కగానీ ఫిట్స్‌గానీ ఆగాక కూడా బిడ్డ ఊపిరి తీయకపోతే అప్పుడు సీపీఆరే దిక్కు.

ఫోన్ ఎప్పుడు చేయాలని మీరు అడగలేదు కానీ అది ముఖ్యం. పక్కన ఇంకొకరుంటే వాళ్లు 108కి చేస్తారు, మీరు బిడ్డను వదలకండి. ఒంటరిగా ఉంటే సెల్లు దగ్గరుంటే 108కి కలిపి స్పీకరు ఆన్ చేసి నేలమీద పెట్టి పని మొదలుపెట్టండి. దగ్గర ఫోనే లేకపోతే ముందు రెండు నిమిషాలపాటు సీపీఆర్ చేసి, ఆ తర్వాత వెళ్లి ఫోన్ చేయండి. ఏడు నెలల పాపనైతే ఎత్తుకునే వెళ్లవచ్చు. ఒక్క సందర్భంలో మాత్రం వరుస మారుతుంది. ఆడుకుంటున్న పిల్లవాడు ఏ కారణమూ లేకుండా మీ కళ్లముందే ఒక్కసారిగా కుప్పకూలితే అది గుండె లయ తప్పడం కావచ్చు, అప్పుడు ముందు ఫోన్, తర్వాత సీపీఆర్.

బిడ్డను గట్టి చోట వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు, ఉయ్యాల, ఒడి పనికిరావు, మీరు నొక్కిన బలమంతా మెత్తటి వాటిలోకి పోతుంది. మోకాళ్ల నొప్పులంటున్నారు కదా, నేలమీదే చేయాలన్న నియమమేమీ లేదు. పసిపాపను భోజనాల బల్ల మీద పడుకోబెట్టి నిలబడి చేయవచ్చు, నిజానికి అదే మీకు సుఖం. మూడున్నరేళ్ల బాబు విషయంలోనూ గట్టి బల్ల అందుబాటులో ఉండి, మీ చేతులు నిటారుగా పెట్టి పైనుంచి నొక్కగలిగేంత ఎత్తులో ఉంటే చాలు. అది వెతకడానికి మాత్రం సమయం పోగొట్టకండి.

ఊపిరి ఊదడంలో ఎక్కువమంది చేసే పొరపాటు తల పెట్టే తీరులో ఉంటుంది. పసిపిల్లల తల వెనుకభాగం ఒంటితో పోలిస్తే పెద్దది కాబట్టి చదునుగా పడుకోబెడితే గడ్డం ఛాతీకి ఆనుకుని గొంతు మూసుకుపోతుంది. పెద్దవాళ్లకు చేసినట్టు తలను బాగా వెనక్కి వంచినా మెత్తటి శ్వాసనాళం నొక్కుకుపోతుంది. ఏడాదిలోపు పాపకు ముఖం నేరుగా పైకప్పు వైపు చూస్తున్నట్టు ఉంటే సరిపోతుంది. అవసరమైతే భుజాల కింద పలచటి తువ్వాలు ఒక మడత పెట్టండి. గడ్డం కింది ఎముకను రెండు వేళ్లతో కాస్త పైకెత్తండి, గొంతు మెత్తటి భాగాన్ని నొక్కకండి. మూడున్నరేళ్ల బాబుకు తలను దానికన్నా కొంచెం వెనక్కి వంచాలి. పాపకైతే మీ నోటితో తన నోటినీ ముక్కునూ కలిపి మూసి ఊదాలి. బాబుకైతే ముక్కు రెండు వేళ్లతో మూసి, నోటి మీద నోరు పెట్టి ఊదాలి. ఒక్కో ఊపిరి ఒక సెకను, అంతే. ఎంత గాలి అన్నదానికి కొలత మీ కళ్లముందే ఉంటుంది: బిడ్డ ఛాతీ పైకి లేవడం కనబడితే చాలు. పసిపాపకు మీ బుగ్గల్లో నిండే గాలి దాదాపు సరిపోతుంది. నిండా గుండెలు నింపుకుని బలంగా ఊదితే గాలి పొట్టలోకి వెళ్లి ఉబ్బుతుంది, వాంతి అవుతుంది. ఛాతీ లేవకపోతే తల సర్ది మరొకసారి ప్రయత్నించండి. అప్పటికీ లేవకపోతే అక్కడే ఆగిపోకుండా ఛాతీ నొక్కడానికి వెళ్లిపోవాలి.

ఎక్కడ నొక్కాలంటే, రెండు చనుమొనలనూ కలిపే గీత ఊహించుకుని దానికి కొద్దిగా కిందుగా, రొమ్ము ఎముక దిగువ సగం మీద. డొక్కల మధ్య పొట్ట మొదలయ్యే చోట ఉండే ఎముక చివర మీద గానీ, పొట్ట మీద గానీ నొక్కరాదు. ఛాతీ మందంలో మూడో వంతు లోపలికి దిగాలి, అంటే పాపకు సుమారు 4 సెంటీమీటర్లు, బాబుకు సుమారు 5. వినడానికి ఇది ఎక్కువగానే ఉంటుంది, చేసేవాళ్లలో ఎక్కువమంది భయంతో ఇందులో సగమే నొక్కుతారు. ప్రతి నొక్కు తర్వాత ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి, గుండె మళ్లీ రక్తంతో నిండేది ఆ విరామంలోనే. వేగం నిమిషానికి 100 నుంచి 120. ముప్పై నొక్కులు పదిహేను నుంచి పద్దెనిమిది సెకన్లలో అయిపోవాలన్నమాట, పైకి లెక్కపెడుతూ చేస్తే ఆ లయ దొరుకుతుంది.

రెండు వేళ్ల సంగతి. ఏడాదిలోపు పిల్లలకు ఒంటరిగా చేసేవారు రెండు వేళ్ల కొసలతో నొక్కాలని నిన్నమొన్నటి వరకూ నేర్పారు. వేళ్లు త్వరగా అలసిపోయి తగినంత లోతు దిగడం లేదని తేలడంతో 2025లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ పద్ధతిని తొలగించారు. వాటి ప్రకారం పాప ఛాతీని రెండు చేతులతో చుట్టి, వేళ్లు వీపు కిందికి పోనిచ్చి, రెండు బొటనవేళ్లు పక్కపక్కన పెట్టి నొక్కవచ్చు, లేదా మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి గట్టి భాగంతో ఒక్క చేత్తో నొక్కవచ్చు. మీ చేతులకు పాప ఛాతీ చుట్టూ అందితే మొదటిది మేలు, అందకపోతే రెండోది. ఏడు నెలలు నిండి ఒళ్లు చేసిన పాపకు మీకు రెండోదే సులువు కావచ్చు. మూడున్నరేళ్ల బాబుకు ఒక అరచేతి గట్టి భాగం సరిపోతుంది. చాలినంత లోతు దిగడం లేదనిపిస్తే దాని మీద రెండో చెయ్యి వేయండి. ఎముకల గురించి భయపడకండి, పసివాళ్ల పక్కటెముకలు పెద్దవాళ్ల వాటిలా పెళుసుగా ఉండవు, వంగుతాయి. సీపీఆర్ వల్ల అవి విరగడం పిల్లల్లో అరుదు. ఒకవేళ విరిగినా అతుక్కుంటాయి.

ఎన్ని నొక్కులకు ఎన్ని ఊపిరులు అన్నది మీ చివరి చిక్కుముడి. ఒంటరిగా ఉన్నవారికి అమెరికా పద్ధతిలో 30 నొక్కులకు 2 ఊపిరులు. శిక్షణ పొందిన ఇద్దరు ఉంటే 15కి 2. ఐరోపా పద్ధతిలో పిల్లలకు ముందు ఐదు ఊపిరులు ఇచ్చి, ఆపైన 15కి 2 చొప్పున సాగిస్తారు. వీటిలో దేనితోనైనా బిడ్డకు మేలే జరుగుతుంది, తేడా ఉండేది ఏమీ చేయకపోవడంతోనే. మీకు నేను చెప్పేది ఒక్కటే గుర్తు పెట్టుకోండి: 30కి 2. నీళ్లలో మునిగిన బిడ్డకు మాత్రం ముందు ఊపిరితో మొదలుపెట్టాలని రెండు పక్షాలూ ఒప్పుకుంటున్నాయి. రెండు ఊదినా ఐదు ఊదినా తప్పులేదు, కనీసం రెండుసార్లు ఛాతీ లేచిందా అన్నదే చూడండి. తర్వాత 30 నొక్కులు, 2 ఊపిరులు, మళ్లీ 30. ఇలా ఐదు విడతలు అయ్యేసరికి సుమారు రెండు నిమిషాలు గడుస్తాయి. అప్పుడు మరొకరుంటే చేతులు మార్చుకోండి, రెండు నిమిషాల తర్వాత ఎంత బలమైనవాళ్ల నొక్కయినా తేలిపోతుంది. ఊదేందుకు ఆపే విరామం పది సెకన్లు మించకూడదు. మధ్యలో వాంతి అయితే బిడ్డను పక్కకు తిప్పి, గుడ్డతో నోరు తుడిచి, మళ్లీ కొనసాగించండి.

నీళ్ల గురించే అడిగారు గానీ, మీ ఇంట్లో ఈ ఇద్దరి వయసుకూ పొంచి ఉన్న మరో ప్రమాదం గొంతుకు అడ్డం పడటం. పల్లీలు, వేయించిన సెనగలు, సీతాఫలం గింజలు, సపోటా గింజలు, గోలీలు, పగిలిన బెలూన్ ముక్కలు, రిమోట్‌లోని చిన్న గుండ్రటి బ్యాటరీలు మీ మనవరాలు పాకడం మొదలుపెట్టేసరికి నేలమీద ఉండకూడదు. బిడ్డ గట్టిగా దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వండి, దగ్గుకు మించిన మందు లేదు. ఏడుపు బయటికి రాక, శబ్దం లేక, ముఖం నల్లబడుతుంటే అది పూర్తి అడ్డు. పాపను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడను వేళ్లతో పట్టుకుని, తల ఒంటికన్నా కిందుగా ఉంచి, రెక్కల ఎముకల మధ్య అరచేతి గట్టి భాగంతో ఐదుసార్లు చరచండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, సీపీఆర్‌లో నొక్కే చోటనే ఐదుసార్లు ఛాతీ నొక్కండి. మళ్లీ వీపు, మళ్లీ ఛాతీ. ఏడాదిలోపు పిల్లలకు పొట్ట నొక్కరాదు, కాలేయానికి దెబ్బ తగులుతుంది. మీ మనవడికైతే ముందుకు వంచి వీపు మీద ఐదు, తర్వాత వెనుకనుంచి చేతులు చుట్టి బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కవచ్చు. స్పృహ తప్పితే నేలమీద పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి, ఛాతీ నొక్కడంతో సీపీఆర్ మొదలుపెట్టండి. ప్రతిసారీ ఊదబోయే ముందు నోట్లోకి చూడండి. వస్తువు కంటికి కనబడితే తీయండి, కనబడకుండా వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి దిగుతుంది.

ఎంతసేపు చేయాలన్నారు. బిడ్డ కదిలి మామూలుగా ఊపిరి తీసేవరకూ, లేదా 108 సిబ్బంది వచ్చి చేతులు మార్చుకునేవరకూ, లేదా మీ ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయేవరకూ. ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి పరిగెత్తడంలో పోగొట్టుకునేది ఆ మొదటి నిమిషాలే, ఊగుతున్న బండిలో ఒడిలో పెట్టుకుని ఎవరూ సరిగా నొక్కలేరు. అందుకే ఉన్నచోటనే మొదలుపెట్టమంటాను. అంబులెన్సు రాలేని చోటైతే ముందు కనీసం రెండు నిమిషాలు గట్టిగా చేసి ఆ తర్వాత బయలుదేరి, దారిలో వీలైనంత కొనసాగించాలి. ఊపిరి తిరిగి వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తడి బట్టలు తీసి పొడి దుప్పటి కప్పండి, ఊపిరి వంక చూస్తూనే ఉండండి. ఏడ్చి, నవ్వి, మామూలుగా ఉన్నట్టు కనిపించినా నీళ్లు మింగిన బిడ్డను ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీరు కొన్ని గంటల తర్వాత ఆయాసం తెప్పించవచ్చు, అందుకే వైద్యులు పిల్లలను కొంతసేపు ఉంచుకుని గమనిస్తారు.

సంపు మూతకు తాళం వేయించండి, గాబు మీద పసివాడు లేపలేని బరువు మూత పెట్టించండి, స్నానాల గదిలో వాడని బకెట్లు బోర్లించి, బయటినుంచి గొళ్లెం పెట్టండి. బకెట్ అడుగున జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు, ఆ వయసు పిల్లల తల బరువుకు తలకిందులుగా పడితే పైకి లేవలేరు, చప్పుడు కూడా చేయరు. ఇక ఇది చదివి చేయడం వేరు, చేత్తో నేర్చుకోవడం వేరు. పిల్లల వైద్యుల సంఘమైన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ శిక్షణ తరగతులు నిర్వహిస్తుంటాయి. కాకినాడలో మీ పిల్లల డాక్టరును అడిగితే దగ్గరలో ఎప్పుడు జరుగుతుందో చెబుతారు. మీ అమ్మాయినీ అల్లుడినీ కూడా తీసుకువెళ్లండి. చేరే ముందు పసిపాప బొమ్మ మీద నేర్పుతారా లేదా అని అడిగి మరీ చేరండి, పెద్దవాళ్ల బొమ్మ మీద మాత్రమే నేర్చుకుంటే పాపకు ఎంత గాలి ఊదాలో, ఎంత లోతు నొక్కాలో చేతికి తెలియదు. ఇంట్లో సాధన చేయాలనుకుంటే పిల్లల ఆటబొమ్మ తీసుకోండి, మీ మనవరాలి ఛాతీ మీద మాత్రం ఎప్పుడూ నొక్కి చూడకండి.